ఫొటో వెనక పేరు రాసిపెట్టండి

వేసవి సెలవులకు కొద్ది రోజుల ముందు ఆరో తరగతి పిల్లలకు ఒక చిన్న పని చెప్పాం. "మీ ఇంట్లో ఉన్న ఫొటోలన్నిటిలో పాతది ఏదో కనుక్కోండి. పెద్దవాళ్ళను అడిగి, జాగ్రత్తగా బడికి తీసుకురండి" అన్నాం. మరునాడు ఇరవై మందికి పైగా తెచ్చారు. కొందరు గుడ్డలో చుట్టి తెచ్చారు, కొందరు నోటుపుస్తకం అట్టల మధ్య పెట్టుకుని తెచ్చారు. ఒక పిల్లవాడు గోడమీది చట్రంతో సహా మోసుకొచ్చాడు. పెళ్ళి ఫొటోలు, పళనిలో గుండు చేయించుకుని తీయించుకున్నవి, ముక్కాలిపీట మీద కూర్చోబెట్టిన పసిపిల్లల ఫొటోలు బల్లనిండా పరిచాం.

వాటిలో ఒకటి మమ్మల్ని ఆపింది. పేము కుర్చీలో ఒక ఆవిడ కూర్చుని ఉంది. నడివయసు. చేతులు రెండూ మోకాళ్ళమీద బిగించి పెట్టుకుంది. పక్కన స్టాండు మీద పూలకుండీ, వెనక తెరమీద రంగులతో వేసిన రాజమహలు మెట్లు. అడుగున కోవిల్‌పట్టి స్టూడియో ముద్ర సగం చెరిగిపోయి ఉంది.

"ఎవరమ్మా ఈమె?" అని అడిగాం.

"మా తాత వాళ్ళ అవ్వ సార్."

"పేరేంటి?"

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "అవ్వే సార్" అంది.

తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఆ తరవాత ఒక్కొక్క ఫొటో తిప్పి చూడడం మొదలుపెట్టాం. చాలావాటి వెనక ఏమీ లేదు. కొన్నిటి వెనక స్టూడియో ముద్ర మాత్రమే ఉంది. రెండు మూడింటి వెనక తమిళంలో పేర్లున్నాయి. ఒక్కదాని వెనక పెన్సిలుతో తెలుగులో ఒక మాట ఉంది, సగం మాసిపోయింది. తెచ్చిన పిల్లవాడి ఇంట్లో దాన్ని చదివినవాళ్ళు లేరట. అప్పటికి మా నవ్వు ఆగిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేము ఎమిల్ ఒట్టో హాపే అనే ఫొటోగ్రాఫరు గురించి చదువుతున్నాం. ఆయన కథ లండన్‌లో జరిగింది. కాని ఆ బల్లమీది ఫొటోలను చూస్తుంటే అది మన ఊరి కథలాగే అనిపించింది.

లక్షల బొమ్మల మధ్య పోయిన పేరు

హాపే 1878లో జర్మనీలోని మ్యూనిక్‌లో పుట్టాడు. 1900లో లండన్ చేరాడు. మొదట బ్యాంకులో ఉద్యోగం. ఫొటోలు తీయడం సరదాగా మొదలై, 1907 నాటికి అదే వృత్తి అయింది. 1913లో లండన్ దక్షిణ కెన్సింగ్‌టన్‌లో, ఒకప్పుడు చిత్రకారుడు మిలే నివసించిన పెద్ద భవనంలో స్టూడియో పెట్టాడు. ఆ రోజుల్లో ఆయన కెమెరా ముందు కూర్చోని ప్రముఖుడు తక్కువ. రచయితలు హెన్రీ జేమ్స్, బెర్నార్డ్ షా, శాస్త్రవేత్త ఐన్‌స్టీన్, మన రవీంద్రనాథ్ ఠాగూర్, రష్యన్ బ్యాలే నర్తకులు, రాజకుటుంబీకులు అందరూ ఆయన దగ్గరకు వచ్చినవాళ్ళే. తరవాతి తరంలో పేరు మోసిన ఫొటోగ్రాఫర్ సెసిల్ బీటన్ ఆయన్ను గురువుగా చెప్పుకున్నాడు.

ఆధునికుడు అని ఆయన్ను ఎందుకంటారంటే, ఫొటోను నూనెరంగుల చిత్రంలా కనిపించేట్టు మసకబార్చే అలవాటునుంచి ఆయన బయటికి వచ్చాడు. ఆడంబరం తగ్గించి, ముఖం మీదికీ వెలుగు మీదికీ చూపు తిప్పాడు. కర్మాగారాలనూ, ఇనుప వంతెనలనూ కూడా అదే శ్రద్ధతో తీశాడు. స్టూడియోలోనే ఉండిపోలేదు. 1920లలోనూ 30లలోనూ అమెరికా, భారతదేశం, ఆస్ట్రేలియాల దాకా తిరిగి, ఎక్కడికక్కడ మనుషుల్నీ ఊళ్ళనీ ఫొటోలు తీసి పుస్తకాలు వేశాడు.

ఇంత పేరున్న మనిషి ఎలా మరుగున పడ్డాడు? 1954లో, డెబ్భై ఆరేళ్ళ వయసులో, తన ఫొటోల భాండారాన్ని లండన్‌లోని మాన్సెల్ కలెక్షన్ అనే చిత్రాల సంస్థకు అమ్మేశాడు. పత్రికలకూ పుస్తకాలకూ బొమ్మలు అద్దెకిచ్చే సంస్థ అది. అక్కడి పద్ధతి ప్రకారం బొమ్మలను విషయాల వారీగా సర్దుతారు. ఒక దేశం బొమ్మ ఆ దేశం పెట్టెలోకి, ఒక వృత్తి బొమ్మ ఆ వృత్తి పెట్టెలోకి వెళుతుంది. తీసిందెవరు అన్న లెక్క అక్కడ లేదు. బొమ్మ పోలేదు, కాలిపోలేదు, చెదలు పట్టలేదు. వేరే లక్షల బొమ్మల మధ్య చేరి, తన మనిషినుంచి విడిపోయింది. హాపే 1972లో కన్నుమూశాడు. 1994లో గ్రాహం హౌ అనే క్యురేటర్ ఆ పెట్టెలన్నీ వెదికి, హాపే ఫొటోలను ఒక్కొక్కటిగా వేరు చేయించి, ఒక్కచోటికి చేర్చాడు. 2011లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన జరిగింది. మేము ఆ ప్రదర్శనకు వెళ్ళలేదు. అందులోని ఫొటోలను పుస్తకాల్లోనూ తెరమీదా చూశాం.

ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసింది ఒకటుంది. నలభై ఏళ్ళ మరుపుకు కారణం ఎవరి దుర్మార్గమూ కాదు. సర్దిన పద్ధతి. పెట్టెమీద ఏ చీటీ అతికించారన్నదే ఒక మనిషి జీవితకాలపు పనిని కనిపించకుండా చేసింది.

పేరున్నవాళ్ళూ పేరు లేనివాళ్ళూ

హాపే కథలో రెండో ముఖం కూడా ఉంది. అది ఆయన్ను మెచ్చుకునేది కాదు. 2011 ప్రదర్శనకు పెట్టిన పేరులో మూడు మాటలున్నాయి: సమాజం, స్టూడియో, వీధి. స్టూడియోలో కూర్చున్నవాళ్ళ పేర్లు ఈనాటికీ తెలుసు. వీధిలో ఆయన తీసిన మనుషుల సంగతి వేరు. 1926లో వచ్చిన ఒక పుస్తకం పేరే 'లండన్ టైప్స్'. చిన్నా చితకా పనులు చేసుకునే మనుషులు అందులో 'రకాలు'గా నిలిచారు. 1922లో వేసిన మరో పుస్తకంలో వివిధ దేశాల స్త్రీల ముఖాలను అందచందాల నమూనాలుగా చూపించాడు. కవి ఫొటో కింద కవి పేరు ఉంటుంది. వీధిలో నిలబడ్డ మనిషి ఫొటో కింద ఆ మనిషి చేసే పని పేరు ఉంటుంది, లేదా దేశం పేరు ఉంటుంది.

అంటే, ఆయన ఎదుటివాళ్ళకు చేసిందే చివరికి ఆయనకూ జరిగింది. ఆయన వాళ్ళను రకాల కింద సర్దాడు. సంస్థ ఆయన్ను విషయాల కింద సర్దింది.

ఈ అలవాటు హాపే ఒక్కడిది కాదు. మన దేశంలో అంతకుముందే మొదలైంది. 1868 నుంచి 1875 వరకు బ్రిటిషు ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాల ఫొటోల పుస్తకం వేసింది. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్‌టన్, కె. రంగాచారి సాయంతో, దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. కరిసల్ సీమ తెలుగు కుటుంబాలు చాలావాటి కులాల పేర్లు ఆ సంపుటాల్లో దొరుకుతాయి. ఇంటిపేర్ల ప్రస్తావనలు, పెళ్ళి తంతులు, మధ్యమధ్య ఫొటోలు కూడా ఉంటాయి. చదవదగ్గ పుస్తకాలే. అయితే ఆ ఫొటోల్లో నిలబడ్డవాళ్ళు సాధారణంగా కులానికి నమూనాలుగానే మిగిలారు. వాళ్ళకూ ఒక అమ్మ పెట్టిన పేరు ఉండి ఉంటుంది కదా.

1929: శాంతినికేతన్ బడి

హాపే 1929లో మన దేశం వచ్చాడు. బొంబాయిలో ఎన్నో ఫొటోలు తీశాడు. ఠాగూర్ ఆహ్వానం మీద శాంతినికేతన్ వెళ్ళి అక్కడి బడినీ, ఆశ్రమాన్నీ, విద్యార్థులనూ తీశాడు. ఆ ఫొటోలు కూడా మిగతావాటితోపాటే పెట్టెల్లోకి పోయి, మిగతావాటితోపాటే బయటికి వచ్చి, ఎనభై ఏళ్ళ తరవాత పుస్తకరూపంలో మన దేశపు పాఠకులకు అందాయి.

శాంతినికేతన్ మన తెలుగువాళ్ళకు పరాయి చోటు కాదు. రాయప్రోలు సుబ్బారావు అక్కడికి వెళ్ళి చదువుకున్నారు. బెజవాడ గోపాలరెడ్డి అక్కడి విద్యార్థి, తరవాత ఠాగూర్ రచనలను తెలుగు చేశారు. చెట్ల కింద పాఠం చెప్పే బడి అన్న ఊహ మన పిల్లలకు బొమ్మల పుస్తకాల్లో పరిచయమే. ఆ బడి నడుస్తున్న కాలంలో, ఠాగూర్ బతికి ఉండగా, ఒక నిపుణుడు తీసిన ఫొటోలు దశాబ్దాలపాటు ఎవరికీ తెలియకుండా ఉండిపోయాయంటే పాఠం చెప్పేవాళ్ళకు మనసు చివుక్కుమంటుంది. ఒక బడి చరిత్రలో ఒక అధ్యాయం పెట్టెలో ఉండిపోయిందన్నమాట.

మన బడుల్లో ఎన్ని అధ్యాయాలు బీరువాల మీద దుమ్ములో ఉన్నాయో మనమే చూసుకోవాలి. పాత తరగతుల గ్రూపు ఫొటోల్లో ముందు వరుసలో కూర్చున్న తెలుగు పంతులుగారెవరు? వెనక వరుసలో నిలబడ్డ పిల్లలెవరు? చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. పదేళ్ళ తరవాత ఉంటారని నమ్మకం లేదు.

మన స్టూడియోల గోడలు

హాపే ఆడంబరం తగ్గించాడన్నాం. మన ఊళ్ళ స్టూడియోలు అందుకు పూర్తిగా ఎదురు దారిలో నడిచాయి. రాజమహలు మెట్లు, తోట, చంద్రుడు, కర్రతో చేసిన కారు, మడతల పరదా. ఇంట్లో లేనిదంతా ఫొటోలో ఉండాలి. దీన్ని వెనకబాటుతనం అనుకోనక్కర్లేదు. పత్తిచేలో వంగి పనిచేసే మనిషి జీవితంలో ఒక్క పూట రాజమహలు మెట్ల ముందు కూర్చోవాలనుకోవడంలో తప్పేముంది?

ఈ తెరల వెనక కోవిల్‌పట్టికే చెందిన ఒక గొప్ప కథ ఉంది. సి. కొండయ్య రాజు (1898-1976) మద్రాసు చిత్రకళా పాఠశాలలో చదివి, నాటక సమాజాలకు తెరలు వేస్తూ తిరిగి, 1940లలో కోవిల్‌పట్టిలో స్థిరపడ్డారు. ఆయనా ఆయన శిష్యులూ అక్కడ దేవి ఆర్ట్ స్టూడియో నడిపారు. ఆ శిష్యబృందానికి నాటకపు తెర, ఫొటో, దేవుడి పటం వేరువేరు లోకాలు కావు. వాళ్ళు వేసిన మురుగన్, లక్ష్మి, మీనాక్షి పటాలు శివకాశి అచ్చుయంత్రాల మీదుగా క్యాలెండర్లయి దేశమంతా గోడలకెక్కాయి. మన ఇళ్ళలో పూజగదుల్లో ఇప్పటికీ అవే ఉన్నాయి.

ఆ క్యాలెండరు బొమ్మలను దగ్గరగా చూడండి. కింద మూలన చిన్న అక్షరాలతో కొండయ్య రాజు సంతకం కనిపిస్తుంది. కొన్నిటిలో గురువు పేరు పక్కన శిష్యుడి పేరు కూడా ఉంటుంది. ఆ చిన్న సంతకమే ఆయన్ను నిలబెట్టింది. స్టీఫెన్ ఇంగ్లిస్ లాంటి విదేశీ పరిశోధకులు కోవిల్‌పట్టి దాకా వచ్చి ఆయన పని మీద రాశారు. లేకపోతే అవి కూడా 'దేవుడి పటాలు' అన్న పెట్టెలో కలిసిపోయేవి.

హైదరాబాదు నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) ఫొటోల సంగతీ ఇలాంటిదే. ఆ స్టూడియోవాళ్ళు నెగటివ్‌లకు నంబర్లు వేసి, పేర్లు రాసుకునేవారు. అందుకే 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన గాజు నెగటివ్‌లు 2,857 సేకరించినప్పుడు, అవి ఎవరివో ఎక్కడివో గుర్తుపట్టడానికి ఆధారం మిగిలింది.

మన జిల్లాల చిన్న స్టూడియోలకు అంత అదృష్టం లేదు. డిజిటల్ కెమెరాలు వచ్చాక చాలా స్టూడియోలు మూతపడ్డాయి. నెగటివ్‌ల డబ్బాలు చెత్తలోకి వెళ్ళాయి. బ్రిటిష్ లైబ్రరీ సాయంతో పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు తమిళనాడు స్టూడియోల పాత ఫొటోలను డిజిటల్ రూపంలో భద్రపరిచే పని చేపట్టారు. అది మంచి పనే. కాని మన ఇంటి పెట్టెలోని అవ్వ పేరు ఏ పరిశోధకుడికీ తెలియదు. అది చెప్పవలసింది మనమే.

ఏ లిపిలో రాయాలి?

ఇక్కడ మన సమస్య ఒకటి ఎదురవుతుంది. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాని తెలుగు రాయడం, చదవడం తెలిసినవాళ్ళు అన్ని ఇళ్ళలో లేరు. ఉత్తరాలు తమిళంలో, లెక్కలు తమిళంలో, పెళ్ళిపత్రిక తమిళంలో. 2006 నాటి చట్టం తరవాత బడిలో తమిళం తప్పనిసరి పాఠ్యభాగమైంది. మైనారిటీ భాష పిల్లల చదువు గురించి కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. ఆ వాదనలు ఎటు తేలినా, అవ్వ ఫొటో వెనక ఉన్న పెన్సిలు రాత చదవగలిగే పిల్లను తయారుచేయడం మన బడి పని. తెలుగు ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకు ఇంతకన్నా సూటి జవాబు మాకు తోచలేదు.

తమిళంలో రాసి ఉంటే బాధపడనక్కర్లేదు. కోవిల్‌పట్టి పక్కన ఇడైచెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగువాడు, కలంలో తమిళుడు. మన పూర్వీకులు తెలుగునాడు వదిలి ఈ నల్లరేగడికి వచ్చిన కథను ఆయన 'గోపల్ల గ్రామం'గా 1976లో తమిళంలో రాశారు. దాని తరవాతి భాగమైన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పెద్దవాళ్ళు చెప్పగా విన్నదాన్ని విన్నట్టే పోనివ్వకుండా రాసిపెట్టడం ఆయన చేసిన పని. కరిసల్ మాటలకు నిఘంటువు కూడా కూర్చారు. పేర్లు ఏ లిపిలో రాశామన్నది తరవాతి మాట, ముందు రాయడం ముఖ్యం. వీలైతే రెండు లిపుల్లోనూ రాయండి.

బడిలో ఒక ప్రదర్శన

ఇది ఖర్చులేని పని. ఒక గది, దారం, బట్టల క్లిప్పులు ఉంటే చాలు. అసలు ఫొటోలను వేలాడదీయవద్దు. పగటి వెలుతురులో, నీడపట్టున, ఫోనుతో ఫొటోకు సూటిగా పైనుంచి తీసి, ఆ ప్రతిని అచ్చు వేయించి పెట్టండి. అసలుది ఆ రోజే ఇంటికి పంపేయండి. పిల్లల చేతికి ఇచ్చేముందు, తీసుకునేముందు నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక ఇంటి ఒకే ఒక్క ఫొటో పోతే మనం తిరిగి ఇవ్వలేం.

ఫొటో వెనక రాసేటప్పుడు మెత్తటి పెన్సిలు వాడండి, అంచు దగ్గర తేలిగ్గా రాయండి. బాల్ పెన్ను వాడితే ఒత్తిడికి ముందువైపు గీత పడుతుంది, సిరా ఊరుతుంది. సెల్లో టేపు అతికించవద్దు. లామినేషన్ చేయించవద్దు, తరవాత ఊడదీయలేం. జిగురు పేజీలున్న ఆల్బములు పాత ఫొటోలకు మంచివి కావు. చట్రంలో అద్దానికి అంటుకుపోయిన ఫొటోను బలవంతంగా లాగవద్దు, అద్దంతో సహా ఫోనుతో తీసుకుంటే చాలు. తడిగోడకు, పొయ్యి సెగకు దూరంగా, కాగితపు కవరులో ఉంచండి.

ప్రతి ఫొటోకు పిల్లలు అయిదు ప్రశ్నలు అడిగి రావాలి. ఇందులో ఉన్నది ఎవరు? ఏ ఊరు? ఏ సందర్భం? సుమారు ఎప్పుడు? ఫొటో తీసింది ఏ స్టూడియో? చివరి ప్రశ్న మరిచిపోవద్దు. హాపే కథ నేర్పింది అదే. తీసిన మనిషికీ పేరుంది, తీయించుకున్న మనిషికీ పేరుంది. సంవత్సరం తెలియకపోతే పెద్దవాళ్ళను మరోలా అడగండి. "కామరాజర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడా, తరవాతా?" అంటే ఠక్కున చెబుతారు. విరుదునగర్ వాళ్ళయితే ఆ లెక్క అసలు తప్పరు. కామరాజర్ ముఖ్యమంత్రిగా ఉన్నది 1954 నుంచి 1963 దాకా.

ఒక హెచ్చరిక కూడా. ఫొటో ఇంటివాళ్ళ సొత్తు. వాళ్ళు ఒప్పుకుంటేనే గోడకెక్కాలి. కులం, ఆస్తి, ఇంటి గొడవల వివరాలు అట్టమీద రాయనవసరం లేదు. వాళ్ళను మళ్ళీ ఒక రకం కింద సర్దడానికి కాదు మనం ఈ పని చేస్తున్నది. పేరు, ఊరు, ఇంటివాళ్ళు సంతోషంగా చెప్పిన ఒక్క మాట చాలు.

పేము కుర్చీలో కూర్చున్న ఆవిడ సంగతి మిగిలింది. ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి తాతను అడిగింది. ఆయనకూ ఆమె 'అవ్వ'గానే తెలుసు. సాత్తూరులో ఉన్న పెద్ద మేనత్తకు ఫోను చేశారు. ఆమెకు ఎనభై దాటింది. ఫొటో గురించి చెప్పగానే గుర్తుపట్టి, పేరుతోపాటు ఆ రోజు కట్టుకున్న చీర ఎవరి దగ్గర అడిగి తెచ్చుకున్నదో కూడా చెప్పిందట. మరునాడు ఆ అమ్మాయి ఫొటో తిప్పి, మా ముందే కూర్చుని, నాలుక కొన పంటికింద పెట్టుకుని, మెత్తటి పెన్సిలుతో తెలుగులో ఆ పేరు రాసింది. కింద తమిళంలో కూడా రాసింది.

ఆ పేరు ఇక్కడ చెప్పడం లేదు. అది ఆ ఇంటిది. మీ ఇంటి గోడమీది ఫొటో ఈ సాయంత్రం ఒకసారి దించి వెనక్కు తిప్పి చూడండి. ఖాళీగా ఉంటే, చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే అడగండి.